లైటు వెలిగింది, సీటు సరిపోలేదు: ఓర్లాండో ఫ్రీ ఫాల్ ప్రమాదంపై కేస్ స్టడీ

2022 మార్చి 24, గురువారం, రాత్రి సుమారు 11 గంటలు. అమెరికాలోని ఓర్లాండో నగరంలో, ఇంటర్నేషనల్ డ్రైవ్ మీద ఉన్న ఐకాన్ పార్కులో ‘ఓర్లాండో ఫ్రీ ఫాల్’ అనే డ్రాప్ టవర్ రైడ్ పై నుంచి కిందికి దిగుతోంది. బ్రేకులు పట్టే చోట 14 ఏళ్ల కుర్రాడు సీటులోంచి జారి నేల మీద పడి చనిపోయాడు. ఆ రైడ్ మొదలై అప్పటికి మూడు నెలలే అయింది.

ఏదీ విరగలేదు. కరెంటు పోలేదు. బ్రేకులు పట్టాల్సిన చోటే పట్టాయి. రైడ్ ఆగాక చూస్తే ఆ సీటు హార్నెస్ (భుజాల మీదుగా దిగి మనిషిని సీటులో పట్టి ఉంచే చట్రం) కిందికి దిగి, లాకై అలాగే ఉందని రైడ్ నడిపే సంస్థ ఇచ్చిన ప్రమాద నివేదికే చెప్పింది. యంత్రం లెక్క ప్రకారం అంతా సవ్యంగా ఉన్న సమయంలో ఒక ప్రాణం పోయింది కాబట్టే, రైడ్లు నడిపేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఈ కేసును వివరంగా తెలుసుకోవాలి. రైడ్ ప్రమాదం అనగానే ‘ఎక్కినవాడి అజాగ్రత్త’ అని ఒకరు, ‘యాజమాన్యం నిర్లక్ష్యం’ అని ఇంకొకరు వాదనకు దిగుతారు. ఎవరి బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఈ కేసులో కొలిచి చూపించవచ్చు.

రైడ్ నిర్మాణం

టవర్ ఎత్తు 430 అడుగులు, అంటే 131 మీటర్లు. ఆస్ట్రియాకు చెందిన ఫన్‌టైమ్ కంపెనీ తయారు చేసింది. విడిగా నిలబడ్డ డ్రాప్ టవర్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తైనదని ప్రచారం చేసుకున్నారు. టవర్ చుట్టూ వలయంగా 30 సీట్లు ఉంటాయి. ఆ వలయం మెల్లగా తిరుగుతూ పైకి వెళ్తుంది. పైన సీట్లు 30 డిగ్రీలు ముందుకు వంగి, కూర్చున్నవాళ్ల ముఖాలు నేలవైపు తిరుగుతాయి. ఒకటి రెండు సెకన్ల తర్వాత వలయాన్ని వదిలేస్తారు. దాదాపు 400 అడుగులు కిందికి వస్తుంది. వేగం గంటకు 75 మైళ్లు, అంటే 120 కిలోమీటర్లు దాటుతుంది. ఏ ఆటంకమూ లేకుండా పడితే ఆ వేగం అందుకోవడానికి మూడున్నర సెకన్లు చాలు, ఆ లోపు పడే దూరం 57 మీటర్లు. మిగతా దూరంలో అయస్కాంత బ్రేకులు వేగాన్ని తుంచేస్తాయి.

ఈ బ్రేకుల సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే డ్రాప్ టవర్ చూడగానే అందరికీ పుట్టే భయం ‘ఆగకపోతే?’ అన్నదే. శాశ్వత అయస్కాంతాల మధ్య నుంచి లోహపు రేకులు వేగంగా దూసుకెళ్తే ఆ లోహంలో సుడి విద్యుత్తు పుట్టి, కదలికకు ఎదురు నిలుస్తుంది. దీనికి కరెంటు అక్కర్లేదు, ఆపరేటర్ మీట నొక్కనక్కర్లేదు. ఎంత వేగంగా వస్తే అంత గట్టిగా పడుతుంది. రైడ్ మొత్తంలో అన్నిటికన్నా నమ్మదగిన భాగం ఇదే. అసలు బలహీనత మనిషికీ సీటుకూ మధ్యన ఉంటుంది. జనం కళ్లు టవర్ ఎత్తు మీదే ఉంటాయి కానీ, ప్రాణం ఆధారపడేది హార్నెస్ అడుగు అంచుకూ సీటు ముందుభాగానికీ మధ్య ఉన్న కొద్ది సెంటీమీటర్ల ఖాళీ మీద.

లైటు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

భుజాల మీదుగా దిగే హార్నెస్‌ను కిందికి లాగినప్పుడు లోపలి లాకు, అది హైడ్రాలిక్ సిలిండర్ అయినా పళ్ల చక్రం అయినా, దాన్ని కిందికి రానిస్తుంది గానీ పైకి పోనివ్వదు. ఎంత కిందికి వస్తే చాలో తేల్చే పని ప్రాక్సిమిటీ సెన్సర్‌ది. హార్నెస్ ఇరుసు దగ్గర చిన్న లోహపు ముక్క ఉంటుంది. హార్నెస్ తగినంత దిగినప్పుడు ఆ ముక్క సెన్సర్ ఎదురుగా వస్తుంది. సెన్సర్ దాన్ని కొద్ది మిల్లీమీటర్ల దూరం నుంచి పసిగట్టి సిగ్నల్ ఇస్తుంది, సీటు లైటు వెలుగుతుంది. అన్ని సీట్ల సిగ్నళ్లూ కంట్రోల్ ప్యానెల్‌కు చేరితేనే రైడ్ కదలడానికి అనుమతి దొరుకుతుంది.

ఇక్కడ అసలు విషయం ఏమిటంటే, సెన్సర్‌కు మనిషి కనిపించడు. లోహపు ముక్క ఎక్కడుందో మాత్రమే తెలుస్తుంది. సీటులో ఎవరూ లేకపోయినా హార్నెస్ కిందికి లాగితే లైటు వెలుగుతుంది. మనిషి ఉండి, హార్నెస్ అతని కడుపు మీద ఆగిపోయినా, సెన్సర్ ఉన్న స్థానం దాకా వచ్చిందంటే అప్పుడూ వెలుగుతుంది. ‘హార్నెస్ ఈ స్థానం దాటి మూసుకుంది’ అన్నదొక్కటే దాని మాట. ‘ఈ శరీరాన్ని ఈ సీటు పట్టి ఉంచగలదు’ అన్న మాట అది ఏనాడూ ఇవ్వలేదు. ఈ రెండూ ఒకటే కావాలంటే సెన్సర్ బిగించిన చోటు సరిగ్గా ఉండాలి. సెన్సర్‌ను బోల్టులతో బిగిస్తారు. బోల్టు వదులు చేసి దాన్ని కొంచెం జరిపితే, ఇంకా పైనే ఉన్న హార్నెస్‌కు కూడా లైటు వెలుగుతుంది.

ఓర్లాండోలో జరిగింది సరిగ్గా అదే. ఫ్లోరిడాలో రైడ్ల తనిఖీ ఆ రాష్ట్ర వ్యవసాయ, వినియోగదారుల సేవల శాఖ కింద ఉంటుంది. ఆ శాఖ నియమించిన క్వెస్ట్ ఇంజనీరింగ్ సంస్థ నివేదిక 2022 ఏప్రిల్ 18న బయటికి వచ్చింది. మొదట అమర్చిన తర్వాత, ఆ కుర్రాడు కూర్చున్న సీటు సెన్సర్‌ను చేత్తో వదులు చేసి, జరిపి, మళ్లీ బిగించారని అందులో ఉంది. మామూలుగా మూడు అంగుళాల చిల్లర, అంటే ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు ఉండాల్సిన ఖాళీ, దాదాపు ఏడు అంగుళాల వరకు, అంటే 18 సెంటీమీటర్ల దగ్గరికి పెరిగినా లైట్లు వెలిగాయి. రైడ్ ఎలక్ట్రానిక్ భద్రత వ్యవస్థ సంతృప్తి చెందింది, టవర్ పైకి లేచింది. యాంత్రిక లోపం గానీ విద్యుత్ లోపం గానీ కనబడలేదు. పక్క సీటు సెన్సర్ కూడా అదే తీరున జరిపి ఉంది. మిగతా సీట్లలో అలా లేదు.

ఈ సంఖ్యలను కాసేపు పక్కపక్కన పెట్టి చూడండి. 8 సెంటీమీటర్ల సందులోంచి పెద్ద మనిషి తొడ కూడా దూరదు. 18 సెంటీమీటర్ల సందులోంచి మెత్తని శరీరం, ఒత్తిడి తోడైతే, జారిపోగలదు. లాకు ఊడకుండానే మనిషి బయటికి రావడం వెనకున్న గుట్టు అంతే.

సెన్సర్‌ను ఎందుకు జరుపుతారు? ఈ వృత్తిలో సాధారణంగా వినబడే కారణాలు రెండు. ఒకటి, లావుపాటివాళ్లు కూర్చున్నప్పుడు లైటు వెలగక రైడ్ ఆగిపోతుంటే, ఒకటి రెండు సీట్లను ‘పెద్ద సీట్లు’గా మార్చుకోవాలన్న ఆశ. రెండోది, దుమ్ముకో కుదుపుకో సెన్సర్ అప్పుడప్పుడు సిగ్నల్ తప్పుతుంటే, ఆ గోల వదిలించుకోవడానికి దాన్ని ‘కొంచెం దగ్గరికి’ జరపడం. రెండూ అలవాటుగా, మంచి పని చేస్తున్నామన్న నమ్మకంతోనే జరుగుతాయి. ఆ బోల్టు మీద ఎవరి ప్రాణం ఉందో చేసేవాళ్లకు స్ఫురించదు. తయారీదారు లిఖిత అనుమతి లేకుండా సెన్సర్ స్థానం మార్చడమంటే రైడ్ డిజైన్‌ను మార్చడమే. దాన్ని రిపేరు ఖాతాలో రాయకూడదు.

బరువు, వంపు, బ్రేకు

తయారీదారు మాన్యువల్‌లో ఒక్కో మనిషి గరిష్ఠ బరువు 130 కిలోలు, అంటే 287 పౌండ్లు అని ఉంది. ఆ కుర్రాడు ఆరడుగులు దాటిన ఎత్తరి, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. శవపరీక్ష నివేదిక ప్రకారం బరువు 383 పౌండ్లు, సుమారు 174 కిలోలు. పరిమితికన్నా 44 కిలోలు ఎక్కువ.

‘బరువు ఎక్కువై హార్నెస్ ఆగలేదు’ అని చాలామంది అనుకున్నారు. హార్నెస్ ఆగింది. బరువు చేసిన పని వేరు. పైన సీటు 30 డిగ్రీలు ముందుకు వంగినప్పుడు శరీరం బరువులో సగం, సైన్ 30 లెక్కన, ముందుకు హార్నెస్ మీద పడుతుంది. 130 కిలోల మనిషికి అది 65 కిలోల తోపు. 174 కిలోలకు 87. శరీరం సీటు వెన్ను నుంచి విడివడి ముందుకు జరుగుతుంది. ఆ తర్వాత వదిలేసినప్పుడు మూడు సెకన్ల పాటు మనిషికి బరువు తెలియదు. సీటుకు అదుముకుని ఉండే ఒత్తిడి పోయి, ఎక్కడికి జరిగాడో అక్కడే తేలుతుంటాడు. అప్పుడు బ్రేకు పడుతుంది. సీటు నెమ్మదిస్తుంది, శరీరం పాత వేగంతోనే కిందికి పోవాలని చూస్తుంది. వెన్ను ఆనించి బిగుతుగా కూర్చున్నవాడిని సీటు అడుగుభాగం ఆపుతుంది. ముందుకు జారి, అంచు మీద ఉన్నవాడికి అడుగున ఉన్నది సందు. సందు ఎంత వెడల్పుంటే ప్రమాదం అంత. ప్రమాదం బ్రేకులు పట్టే ఘట్టంలోనే జరిగిందన్న నిర్ధారణకు ఇది సరిపోతుంది.

బరువు పరిమితిని ‘లోహం విరగకుండా పెట్టిన అంకె’గా చూసి కొంచెం అటూ ఇటూ పరవాలేదనుకోవడం తప్పని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇనుముకు బలం లెక్కకన్నా ఎన్నో రెట్లు ఎక్కువే ఇస్తారు. శరీరం ఆకారం సీటు గుంతలో కుదరడానికి అలాంటి మిగులు ఉండదు. అందుకే ఆ మాన్యువల్ అంకె ఇచ్చి ఊరుకోలేదు. పెద్ద శరీరం ఉన్నవాళ్లు సీటు ఆకృతిలో కుదురుతున్నారో లేదో, హార్నెస్ సరిగ్గా ఆనుతోందో లేదో చూడాలనీ, కుదరకపోతే ఎక్కనివ్వొద్దనీ స్పష్టంగా రాసింది. 120 కిలోలే ఉన్నా కడుపు పెద్దదైన మనిషికి కుదరకపోవచ్చు. 125 కిలోల కండబలం ఉన్నవాడికి కుదరవచ్చు. కాటా ఒక్కటి చాలదు, కన్నూ చెయ్యీ రెండూ కావాలి.

సిబ్బంది చూసింది ఏమిటి

ప్రమాదం తర్వాత తీసిన వీడియోలో సిబ్బంది ఒకరినొకరు అడుగుతున్న మాటలు వినిపిస్తాయి. నువ్వు చెక్ చేశావా అని అడిగితే, చేశాను, లైటు వెలిగింది అన్నదే జవాబు. ఆ జవాబులో అబద్ధం లేదు. వాళ్లకు నేర్పిన చెకింగ్ అంతే అయితే వాళ్లను నిందించి ప్రయోజనమూ లేదు. సిబ్బందికి తగిన శిక్షణ ఇవ్వలేదన్నది రాష్ట్ర శాఖ ఆరోపణల్లో ఒకటి.

సీటు చెకింగ్ అంటే నిజానికి ఏం చేయాలి? ముందుగా మనిషి కూర్చున్న తీరు: నడుము సీటు మూలకు ఆనాలి, వెన్ను నిటారుగా ఉండాలి. తర్వాత హార్నెస్‌ను కిందికి నొక్కాలి, లైటు వచ్చేదాకా మాత్రమే కాదు, శరీరానికి ఆనేదాకా. ఆ పైన రెండు చేతులతో పైకి గుంజి చూడాలి. ఒక్క మెట్టు కూడా వెనక్కి పోకూడదు. అప్పుడు వంగి, కాళ్ల మధ్య హార్నెస్ అడుగు అంచుకూ సీటు ముందు ఎత్తుకూ మధ్య సందు చూడాలి. అరచేతిని అడ్డంగా పెడితే బొటనవేలు కలిపి సుమారు పది సెంటీమీటర్లు. దాని కన్నా ఎక్కువ కనిపిస్తే మాన్యువల్ తీసి కొలవాల్సిందే. బెల్టు ఉంటే దాన్ని లాగి, బకిల్ పడ్డ శబ్దం వినాలి. చివరికి లైటు చూడాలి. లైటు మొదట చూసినవాడు మిగతావి చూడడు, మనిషి స్వభావం అంత. వరస మారితే తనిఖీ పనికిరాదు.

ఒకవైపు నుంచి ఒకరు, ఎదురువైపు నుంచి ఇంకొకరు అదే సీటును చూడాలి, ఇద్దరూ వేళ్లు పైకెత్తాకే ప్యానెల్ దగ్గరున్నవాడు బటన్ నొక్కాలి. 30 సీట్లకు దీనికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. క్యూ కదలడం లేదని మేనేజర్ అరిచే చోట ఈ నిమిషాలే మొదట ఎగిరిపోతాయి.

ఇక పొద్దున్నే రైడ్ తెరిచే ముందు చేయాల్సిన ఒక పరీక్ష గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలాచోట్ల హార్నెస్ పూర్తిగా దించి, లైటు వెలిగిందని చూసి చెక్‌లిస్టులో టిక్కు పెడతారు. అది పరీక్షలో సగమే. రెండో సగం ఏమిటంటే, హార్నెస్‌ను కనీస స్థానానికి ఒక మెట్టు పైన ఆపి, లైటు వెలగలేదని చూడడం. ఖాళీ కొలవడానికి మాన్యువల్ ఇచ్చిన గరిష్ఠ కొలత కన్నా కొంచెం పెద్దదైన నైలాన్ దిమ్మె ఒకటి చేయించి, దాన్ని సందులో అడ్డం పెట్టి హార్నెస్ మూయాలి. దిమ్మె ఉండగా లైటు వెలిగిందంటే సెన్సర్ జరిగింది. ఆ సీటుకు ఎర్ర ట్యాగు వేసి మూసేయాలి. సీటుకు అర నిమిషం పట్టే ఈ పరీక్ష రోజూ జరిగే రైడ్‌లో సెన్సర్‌ను మూడు నాలుగు అంగుళాల తేడా వచ్చేలా జరిపితే మర్నాడే దొరికిపోతుంది. దానికి తోడు, సెన్సర్ బోల్టు తల నుంచి బ్రాకెట్ మీదికి అడ్డంగా రంగు గీత వేయించాలి. బోల్టు కదిలితే గీత విరుగుతుంది, దూరం నుంచే కనిపిస్తుంది. ఖర్చు ఒక చిన్న పెయింట్ డబ్బా.

రెండో ఆధారం

ఆ సీట్లకు బెల్టు లేదు. ఇలాంటి రైడ్లలో చాలావాటికి హార్నెస్‌నూ సీటునూ కలుపుతూ కాళ్ల మధ్య ఒక పట్టీ ఉంటుంది. దానివల్ల లాభాలు రెండు. హార్నెస్ లాకు ఫెయిలైతే పట్టుకుంటుంది, అది అందరికీ తెలిసిందే. రెండోది, ఈ కేసుకు ముఖ్యమైనది: పట్టీ పొడవు మారదు. హార్నెస్ పైనే ఆగిపోతే బకిల్ అందదు. సెన్సర్‌ను ఎంత జరిపినా బెల్టు మోసపోదు. ఆ సందును కూడా రెండుగా చీలుస్తుంది. 30 సీట్లకూ బెల్టులు పెట్టడానికి సీటుకు 22 డాలర్ల చొప్పున మొత్తం 660 డాలర్లు అయ్యేదని కుటుంబం తరఫు లాయర్లు చెప్పారు.

రైడ్ డిజైన్‌కు ప్రపంచమంతా వాడే, ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం రూపొందించిన ఎఫ్2291 ప్రమాణం సీటు పట్టులను ఐదు తరగతులు చేసింది. అత్యంత తీవ్రమైన కదలికలకు ఐదో తరగతి. దాన్లో లాకులకు జంట ఏర్పాటు, ఆపరేటర్ మాత్రమే విప్పగల అమరిక, సరిగ్గా పడకపోతే రైడ్ మొదలు కాకుండా ఆపే సూచిక తప్పనిసరి. దాంతో పాటు రెండు వేర్వేరు పట్టులు గానీ, ఒకటే ఉంటే ఏ ఒక్క లోపం వచ్చినా పట్టు వదలని తీరులో గానీ ఉండాలి. ఆ రెండో మాటను ఆసరాగా తీసుకుని ఒక్క హార్నెస్‌తో సరిపెట్టవచ్చు. కాగితం మీద అది చెల్లుతుంది. కానీ లాకు ఎంత గట్టిదైనా, అది ఎక్కడ పడిందో చెప్పే సెన్సర్ ఒక్కటే అయినప్పుడు, పట్టు ఒక్క బోల్టుకు దిగజారుతుంది. రెండో ఆధారం మొదటి దానికి సంబంధం లేని సూత్రం మీద పనిచేయాలి. మరో సెన్సర్ పెడితే రెండు ఆధారాలైనట్టు కాదు, బెల్టు పెడితేనే అవుతుంది.

తర్వాత జరిగినవి

2022 అక్టోబరులో రైడ్‌ను తొలగిస్తామని నిర్వాహకులైన స్లింగ్‌షాట్ గ్రూప్ ప్రకటించింది. నవంబరులో యాజమాన్య సంస్థపై 2,50,000 డాలర్ల జరిమానా ఖరారైంది. 2023 మార్చిలో టవర్‌ను విప్పడం మొదలుపెట్టారు. అదే ఏడాది మేలో ఫ్లోరిడా కొత్త చట్టం తెచ్చింది. వంద అడుగులకు మించి లేచే శాశ్వత రైడ్లకు బెల్టు వంటి అదనపు ఏర్పాట్లు, సీటు సెన్సర్ల సర్దుబాటుపై ఆంక్షలు, సిబ్బంది శిక్షణకు గట్టి నిబంధనలు అందులో ఉన్నాయి. 2024 డిసెంబరులో ఓర్లాండో జ్యూరీ ఫన్‌టైమ్ కంపెనీ 31 కోట్ల డాలర్లు తల్లిదండ్రులకు చెల్లించాలని తీర్పు చెప్పింది. ఆ కంపెనీ కోర్టుకు హాజరు కాలేదు.

ఎక్కేవాడి వంతు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ కుర్రాడి వంతు బాధ్యత ఎంత? కొడుకును ఆ రోజు వేరే రైడ్ల దగ్గర ఆకారం చూసి ఎక్కనివ్వలేదని, ఇక్కడ ఎక్కనిచ్చారని తండ్రి మీడియాకు చెప్పారు. ఇది విని ‘అక్కడ వద్దన్నారుగా, వాడికే తెలియాలి’ అనేవాళ్లు ఉన్నారు. ఆ వాదన నిలవదు. సెన్సర్‌ను జరిపి, లైటు వెలిగించి, ‘సరిపోయావు’ అని యంత్రం చేతా సిబ్బంది చేతా చెప్పించిన తర్వాత, కాదని తెలుసుకోమని 14 ఏళ్ల పిల్లవాడిని అడగలేం. వేరే రైడ్లలో కాదన్నారు కాబట్టే ఇక్కడ అవునన్నప్పుడు అతను ఇంకా ఎక్కువ నమ్మి ఉంటాడు. న్యూజెర్సీ, ఒహాయో వంటి రాష్ట్రాల్లో రైడ్ ఎక్కేవాళ్లు బోర్డుల మీద రాసినవీ సిబ్బంది చెప్పినవీ పాటించాలని చట్టంలోనే ఉంది. అది సబబే. అయితే ఆ బాధ్యత పుట్టాలంటే ముందు బోర్డు ఉండాలి, చెప్పేవాడికి చెప్పాల్సింది తెలిసి ఉండాలి. కనిపించని తుప్పుకూ, జరిపిన సెన్సర్‌కూ, అరిగిన షాఫ్టుకూ టికెట్ వెనక ‘మీ సొంత బాధ్యతపై’ అని అచ్చు వేసినంత మాత్రాన పూచీ మారదు.

అయినా ఎక్కేవాడి వంతు సున్నా కాదు. రైడ్ ఎక్కడం, ఎక్కకపోవడం అతని చేతిలోనే ఉంది. తాను సీటులో ఎలా కుదిరాడో మిగతా ఎవరికన్నా అతని ఒంటికే బాగా తెలుస్తుంది. హార్నెస్ భుజాల మీద ఊగుతోందా, తొడల మీద ఆనలేదా, ముందుకు వంగితే నడుము జారుతోందా అన్నవి లైటు కొలవని విషయాలు, ఒళ్లు కొలిచే విషయాలు. కాబట్టి పెద్దవాళ్లు తమకోసం, పిల్లలకోసం ఆ పని చేయాలి. ఈ కేసు నుంచి రైడ్ ఎక్కేవాళ్లు తీసుకోవాల్సింది ముఖ్యంగా ఇదే.

మన ఊళ్లలో

ఓర్లాండోకు వెళ్లే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అయితే ఎక్కువమంది రైడ్ ఎక్కేది నాంపల్లి నుమాయిష్‌లో, జాతరల్లో, సంక్రాంతి తిరనాళ్లలో, ఊరి బయట నెల రోజులకు దిగే ఎగ్జిబిషన్లలో. శాశ్వత పార్కులకూ వీటికీ ఉన్న తేడా ఎత్తు కాదు. ఇవి ప్రతి కొన్ని వారాలకూ విప్పి, లారీ ఎక్కించి, మరో నేల మీద మళ్లీ బిగించేవి. ప్రతి బిగింపూ ఒక కొత్త రైడే. 2019 జూలై 14న అహ్మదాబాద్ కాంకరియా దగ్గర లోలకంలా ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయారు. 2022 సెప్టెంబరులో మొహాలీ ఎగ్జిబిషన్‌లో డ్రాప్ టవర్ పైనుంచి నేలకు కొట్టుకుని పలువురు గాయపడ్డారు. 2025 జనవరిలో నుమాయిష్‌లోనే ఒక రైడ్ మధ్యలో ఆగిపోయి జనం తలకిందులుగా వేలాడాల్సి వచ్చింది, అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

ఇలాంటి చోట్ల లైట్లూ సెన్సర్లూ ఉండకపోవడమే ఎక్కువ. ఒక ఇనుప రాడ్డు, దాన్ని ఆపే పిన్ను, పిన్ను జారకుండా చిన్న క్లిప్పు లేదా గొలుసు, అంతే. టికెట్ కొనే ముందు ఒక రౌండు పూర్తిగా నిలబడి చూడండి. ఆపరేటర్ ప్రతి సీటు దగ్గరికీ వెళ్లి రాడ్డు పైకి లాగి చూస్తున్నాడా, లేక దూరం నుంచి చెయ్యి ఊపి స్టార్ట్ చేస్తున్నాడా? ఒకే మనిషి టికెట్లు చింపుతూ, ఎక్కిస్తూ, మీట కూడా నొక్కుతుంటే అది ఎక్కదగ్గ రైడ్ కాదు. బేస్ కింద చెక్క దిమ్మెలు నేలలోకి దిగబడి, ఒకవైపు వాలి ఉన్నా, ముందు రోజు గట్టి వాన పడ్డా వదిలేయండి. క్లిప్పు ఉండాల్సిన చోట బైండింగ్ వైరు చుట్టి ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు.

ఎక్కాక చేయాల్సింది కూర్చున్న మొదటి పది సెకన్లలోనే. నడుము వెనక్కి, వెన్ను ఆనించి. రాడ్డు మీదికి దించుకుని మీరే రెండు చేతులతో పైకి నెట్టి చూడండి. ఒకే రాడ్డు కింద ఒక పెద్దా ఒక చిన్నా కూర్చుంటే రాడ్డు పెద్దవాళ్ల తొడల మీదే ఆగుతుంది, పిల్లవాడి ఒళ్లో అరచేయంత ఖాళీ మిగులుతుంది. అలా కూర్చోబెట్టొద్దు. ఒకే పరిమాణం ఉన్నవాళ్లను జోడీగా కూర్చోబెట్టాలి. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఏ రైడూ ఎక్కకూడదు, తిరిగేటప్పుడు పిల్లవాడి బరువు చేతులు ఆపలేనంత అవుతుంది.

చున్నీలు, పొడవాటి జడలు, చీర కొంగుల గురించి మరీ గట్టిగా చెప్పాలి. గోకార్టుల్లో, పిల్లల రైళ్లలో, రంగులరాట్నాల్లో ఇరుసులూ చెయిన్లూ మనిషికి దగ్గరగానే తిరుగుతాయి. జుట్టు చుట్టుకుంటే లాగేసరికి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. గోకార్టులో అయితే జడ ముడివేసి హెల్మెట్ లోపల పెట్టాలి, దాని కింద తలకు గుడ్డ టోపీ ఉండాలి. చున్నీ రైడ్ దగ్గరికే తీసుకెళ్లకుండా కింద ఉన్నవాళ్ల చేతికివ్వాలి. ఫోన్ జేబులో పెట్టి జిప్పు వేయండి, వీడియో కోసం చేత్తో పట్టుకోవద్దు. డ్రాప్ టవర్ మీద నుంచి జారిన ఫోన్ కింద క్యూలో నిలబడ్డవాళ్లకు రాయి దెబ్బ.

ఏదైనా తేడా అనిపిస్తే మొహమాటపడొద్దు. రైడ్ కదలకముందు చెయ్యి పైకెత్తి, గట్టిగా ‘ఆపు, లాక్ పడలేదు’ అని అరవండి. పక్కవాళ్లను కూడా అరవమనండి, ఆపరేటర్‌కు ఒక గొంతు సంగీతంలో వినబడదు, నాలుగు గొంతులు వినబడతాయి. ‘పరవాలేదు, ఏం కాదు’ అని అతను అంటే దిగిపోండి, డబ్బు తిరిగి రాకపోయినా సరే. రైడ్ మధ్యలో ఆగిపోతే మాత్రం లాకులు విప్పుకోవద్దు, సీటులోంచి పక్క సీటుకో మెట్లకో దిగే ప్రయత్నం చేయొద్దు. తలకిందులుగా ఉన్నా రాడ్డు రెండు చేతులతో పట్టుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, సిబ్బంది మీ సీటు దాకా వచ్చి చేతితో మిమ్మల్ని పట్టుకునేదాకా ఆగండి.

నిర్వాహకులకు ఒక మాట: ప్రయత్నించి చూడడానికి ఒక నమూనా సీటు, దాని పక్కన కాటా టికెట్ కౌంటర్‌కు ముందు పెట్టండి, రైడ్ గేటు దగ్గర కాదు. డబ్బు కట్టి, గంట క్యూలో నిలబడి, స్నేహితుల ముందు సీటు దగ్గర వద్దనిపించుకోవడం ఎవరికైనా అవమానమే. ఆ అవమానం తప్పించడానికే సిబ్బంది మెత్తబడతారు, ఎక్కేవాళ్లు బలవంతంగా ఇరుక్కుంటారు. కౌంటర్ ముందే తేలిపోతే అడగడానికీ కాదనడానికీ ఎవరికీ కష్టం ఉండదు. గేటు దగ్గర తిప్పి పంపాల్సి వస్తే పూర్తి డబ్బు అక్కడికక్కడే ఇచ్చే అధికారం ఆ సీటు దగ్గర నిలబడ్డ కుర్రాడి చేతిలో ఉండాలి. మేనేజర్‌ను పిలిచి, చీటీ రాయించి, ఆఫీసుకు పంపే పద్ధతి ఉంటే రద్దీగా ఉన్న ఆదివారం సాయంత్రం ఎవరూ ఎవరినీ తిప్పి పంపరు.